అల్లం బీరు మొదటిసారి చేస్తున్నారా? ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో పూర్తిగా

"రెండు రోజులైంది, బుడగలు రావట్లేదు, పారబోసేయనా?" ఇంట్లో అల్లం బీరు మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. దాని తర్వాతది, "బుడగలు తెగ వస్తున్నాయి, ఇప్పుడే సీసాలో పోసేయొచ్చా?" రెండింటికీ నా జవాబు ఒకటే, ఆగండి. మూడో రకం వాళ్లు సీసాలో పోసి, మూత బిగించి, నాలుగు రోజులు ఆ సంగతే మర్చిపోయి, వంటగది గోడ మీద మరకలతో ఫోటో పంపిస్తారు. వాళ్లు ఆగకూడని చోట ఆగారు.

చేతులతో చేసే పని మొత్తం కలిపితే రెండు గంటలు ఉండదు. మిగతాదంతా ఎదురుచూపే. ఆ ఎదురుచూపులో ఏం చూడాలో తెలియకపోతే చేయి ఊరుకోదు, మూత తీస్తాం, కెలుకుతాం, ఇంకో చెంచా చక్కెర వేస్తాం. అందుకే ఇందులో రెసిపీ కన్నా ఏ రోజు ఏం కనపడుతుంది, దాన్ని చూసి ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఎక్కువ రాశాను. కొలతలు, రోజుల లెక్క బెంగళూరు వాతావరణానికి సరిపోయేలా ఉన్నాయి. చెన్నైలో ఉన్నవాళ్ల కోసం తేడా వచ్చే చోట విడిగా చెప్పాను.

ఒక ముఖ్యమైన మాట. మాల్ట్, హాప్స్ వేసి చేసే అసలు బీరు గురించి కూడా అడుగుతున్నారు. కర్ణాటకలో ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారు చేయకూడదు, కాబట్టి దాని జోలికి నేను వెళ్లడం లేదు. అల్లం బీరు సాఫ్ట్ డ్రింక్ లాంటిదే కానీ పులిసేది కాబట్టి ఇందులోనూ కాస్త ఆల్కహాల్ తయారవుతుంది. చెప్పిన టైముకి ఫ్రిజ్‌లో పెడితే తక్కువే ఉంటుంది, సున్నా మాత్రం కాదు. పిల్లలకు, గర్భిణులకు, మందు అస్సలు ముట్టనివాళ్లకు ఇవ్వకండి.

1. ముందు క్యాలెండర్ చూడండి

సామాను కన్నా ముందు తేదీలు. మొదటిసారికి దాదాపు రెండు వారాలు పెట్టుకోండి.

- తోడు (అల్లం, చక్కెర, నీళ్లు కలిపి పులియబెట్టే స్టార్టర్, బీరుని పులియబెట్టేది ఇదే) తయారవడానికి: 5 నుంచి 10 రోజులు
- కాచి, చల్లార్చి, కలపడానికి: ఒక సాయంత్రం
- గుడ్డ కట్టి పులియబెట్టడానికి: ఒక రోజు
- సీసాలో గ్యాస్ పట్టడానికి: 1 నుంచి 3 రోజులు
- ఫ్రిజ్‌లో: కనీసం ఒక పూర్తి రోజు

సీసాలో ఉన్న ఆ మూడు రోజులూ మీరు ఇంట్లో ఉండి తీరాలి. శుక్రవారం రాత్రి సీసాలు నింపేసి మెజెస్టిక్‌లో బస్సెక్కి ఊరెళ్లిపోదాం అనుకుంటే మొదలుపెట్టకపోవడమే మంచిది. నా లెక్కలో ఆదివారం తోడు పెట్టి, తర్వాతి వారం మధ్యలో అది తయారైనా కంగారుపడకుండా రోజూ తిండి (చెంచా అల్లం తురుము, చెంచా చక్కెర) పెడుతూ, శుక్రవారం సాయంత్రం కాచి, శని ఆదివారాలు ఇంట్లోనే ఉండటం అన్నిటికన్నా వీలైన పద్ధతి.

2. కావలసినవి

తోడుకి:
- తొక్కతో ఉన్న తాజా అల్లం, 250 గ్రాములు (వారానికి సరిపోతుంది)
- మామూలు తెల్ల చక్కెర
- అర లీటరు పైన పట్టే వెడల్పు మూతి గాజు సీసా, పాత హార్లిక్స్ సీసా చాలు
- పలుచని నూలు గుడ్డ, రబ్బర్ బ్యాండ్

బీరుకి (2 లీటర్లు):
- అల్లం 150 గ్రాములు, చక్కెర 200 గ్రాములు
- నిమ్మకాయలు రెండు
- గ్యాస్ ఒత్తిడి తట్టుకునే మూత ఉన్న సీసాలు
- ఖాళీ సోడా లేదా కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా ఒకటి, ఇది తప్పనిసరి, ఎందుకో కింద చెప్తాను

అల్లం హాప్‌కామ్స్ కూరగాయల దుకాణంలో కొన్నా, తోపుడు బండి మీద కొన్నా ఫరవాలేదు, మట్టి అంటి ఉంటే ఇంకా మంచిది. మనకు కావలసిన ఈస్ట్, అంటే చక్కెర తిని గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవి, ఆ తొక్క మీదే ఉంటుంది. మట్టి పోయేదాకా మామూలు నీళ్లలో కడగండి, సబ్బు, వెజిటబుల్ వాష్ వద్దు, తొక్క తీయొద్దు.

బెల్లం వేయొచ్చా అంటే వేయొచ్చు, రుచి బాగుంటుంది కూడా. కానీ ఒక్కో బెల్లం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం పట్టుకోలేరు. మొదటిసారి తెల్ల చక్కెరతోనే చేయండి. షుగర్ ఫ్రీ గోళీలు, స్టీవియా లాంటివి పులియవు, వాటితో ఇది కుదరదు.

3. నీళ్ల దగ్గర తొందరపడొద్దు

బెంగళూరు కుళాయిల్లో వచ్చే కావేరీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. క్రిముల్ని చంపడానికే కదా వేసేది, అది మన ఈస్ట్‌ని కూడా వదలదు. కుళాయి నీళ్లు నేరుగా పోసి "వారమైనా కదలడం లేదు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు పది పదిహేను నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లారాక వాడండి. ఆర్వో నీళ్లు, క్యాన్ నీళ్లు అలాగే వాడొచ్చు. ట్యాంకర్ నీళ్లయితే మరిగించకుండా అసలు వద్దు.

చల్లారడం అంటే వేలు పెడితే వెచ్చదనం తెలియనంత. మొదటి ఓపిక పరీక్ష ఇక్కడే, గిన్నె ముందు నిలబడితే అది చల్లారదు, రాత్రి కాచి పొద్దున వాడుకోండి.

4. తోడు: అందరూ ఓడిపోయే చోటు

స్టార్టర్ అంటారు, నేను తోడు అనే రాస్తాను.

సీసాలో 400 మిల్లీలీటర్ల నీళ్లు, రెండు టేబుల్ స్పూన్ల అల్లం తురుము, రెండు టేబుల్ స్పూన్ల చక్కెర వేసి బాగా కలపండి. గుడ్డ కట్టి ఎండ తగలని మూల పెట్టండి. స్టవ్ పక్కన వద్దు. ఆ తర్వాత రోజూ ఒకే టైముకి ఒక టేబుల్ స్పూన్ తురుము, ఒక టేబుల్ స్పూన్ చక్కెర వేసి కలపడమే. తురుము మరీ ఎక్కువై సీసా నిండిపోతుంటే పాతది కొంత తీసేయండి.

ఏ రోజు ఏం కనపడుతుంది?

మొదటి రోజు ఏమీ ఉండదు. తీపి అల్లం నీళ్లు, అంతే.

రెండు, మూడో రోజుల్లో కొందరికి బుడగలు వస్తాయి, కొందరికి నురగ కూడా కడుతుంది. సంబరపడకండి. ఇవి చాలావరకు బ్యాక్టీరియా పని, ఈస్ట్‌ది కాదు. నీళ్లలో ఇంకా పులుపు లేదు కాబట్టి తొందరగా పెరిగే రకాలన్నీ ముందు లేస్తాయి. ఈ దశలో తీసి బీరులో కలిపినవాళ్లకే ఆ తర్వాత చప్పగా, వింత వాసనతో తయారవుతుంది.

నాలుగు, ఐదో రోజుల్లో చాలా సీసాలు చప్పబడిపోతాయి. నిన్నటిదాకా వచ్చిన బుడగలు ఆగిపోతాయి, తురుము అడుగుకి దిగుతుంది. సరిగ్గా ఇక్కడే జనం పారబోస్తారు. పారబోయకండి! ముందు లేచిన బ్యాక్టీరియా వదిలిన పులుపు వాటికే పడక తగ్గుతాయి, ఆ పులుపుని తట్టుకునే ఈస్ట్ నెమ్మదిగా పెరుగుతూ ఉంటుంది. పైకి కనపడేది మాత్రం శూన్యం. రోజూ వేసే చెంచా తురుము, చెంచా చక్కెర వేస్తూ పోండి. రెట్టింపు చేయొద్దు, ఎండలో పెట్టొద్దు, బజారు ఈస్ట్ చిటికెడు వేద్దామా అనే ఆలోచన కూడా వద్దు.

ఈ రోజుల్లో కొన్నిసార్లు నీళ్లు జిగటగా, గంజిలా సాగుతాయి. చూస్తే పాడైపోయిందనే అనిపిస్తుంది. చక్కెరని జిగురుగా మార్చే బ్యాక్టీరియా వల్ల అలా అవుతుంది, ఈస్ట్ బలపడే కొద్దీ మామూలుగా తగ్గుతుంది. ఇంకో మూడు నాలుగు రోజులకీ తగ్గకపోతే సగం తీసేసి, చల్లారిన నీళ్లతో నింపి కొనసాగించండి.

ఆరో రోజు దాటాక అసలు కదలిక మొదలవుతుంది. సీసాని వెలుతురుకి పెట్టి చూడండి, అల్లం పీచుకి చిన్న బుడగ అంటుకుని దాన్ని పైకి లాక్కెళ్తుంది, పైన బుడగ పగలగానే పీచు మళ్లీ కిందకి దిగుతుంది, ఇంకోటి లేస్తుంది. గరిటె పెట్టి కలిపితే సోడా మూత తీసినట్టు చుయ్‌మని శబ్దం వస్తుంది. వాసనలో అల్లం ఘాటుతో పాటు కాస్త పులుపు, కాస్త బ్రెడ్ వాసన.

అయినా ఇంకా ఆగండి. తయారైందో లేదో తేల్చే పరీక్ష ఇది: తిండి పెట్టిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు పైన నురగ కట్టాలి, అలా వరుసగా రెండు రోజులు జరగాలి. ఒక్క రోజు చూసి నమ్మొద్దు.

చెన్నై ఎండాకాలంలో ఇదంతా నాలుగైదు రోజుల్లో అయిపోవచ్చు, డిసెంబరు బెంగళూరులో పది రోజులు దాటొచ్చు. అందుకే రోజులు లెక్కపెట్టకండి, నురగని చూడండి.

5. చేయి ఊరుకోవడం లేదా?

ఈ భాగం చాలామందికి పిల్లచేష్టలా అనిపిస్తుంది కానీ నా దృష్టిలో కొలతల కన్నా ఇదే ఎక్కువ పని చేస్తుంది.

- సీసాకి టేపు అంటించి తేదీ, తిండి పెట్టిన టైము రాయండి. "మొన్న పెట్టానా, అటు మొన్నా?" అనే గందరగోళం వల్లే సగం టెన్షన్.
- చూసే టైము ఒకటే పెట్టుకోండి. పొద్దున కాఫీ టైముకి ఒకసారి చూశాక ఇక రేపే.
- రోజూ ఒకే కోణం నుంచి ఒక ఫోటో తీయండి. కదలడం లేదు అనుకున్న సీసా, మూడు రోజుల ఫోటోలు పక్కపక్కన పెడితే రంగు మారినట్టు, అడుగున తెల్లని మడ్డి పేరుకున్నట్టు తెలుస్తుంది. ఆ మడ్డి మంచిదే, అది ఈస్ట్.
- కెలకకుండా ఉండలేని రకం అయితే రెండో సీసా పెట్టుకోండి. దాన్ని మీ ఇష్టం వచ్చినట్టు కెలకండి, బెల్లం వేయండి, పసుపు కొమ్ము వేయండి, ఎండలో పెట్టండి. మొదటి సీసా జోలికి మాత్రం వెళ్లొద్దు.

6. కాచడం, కలపడం

అల్లం 150 గ్రాములు తురిమి, లీటరు నీళ్లలో 200 గ్రాముల చక్కెరతో కలిపి పదిహేను నిమిషాలు సన్న మంట మీద మరిగించండి. ఘాటు ఎక్కువ కావాలంటే అల్లం పెంచండి, టైము పెంచితే లాభం లేదు. దించి, ముందే కాచి చల్లార్చిన ఇంకో లీటరు నీళ్లు కలపండి. వడకట్టండి.

ఇప్పుడు మళ్లీ ఆగాలి. వేడిగా ఉండగా తోడు పోస్తే పదిరోజుల కష్టం ఒక్క నిమిషంలో పోతుంది, ఈస్ట్ చచ్చిపోతుంది. గిన్నె బయట చేయి ఆనించి చూడటం కాదు, శుభ్రమైన చెంచాతో తీసి మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూడండి, వేడి అస్సలు తెలియకూడదు. థర్మామీటర్ ఉంటే 30 డిగ్రీల లోపు.

చల్లారాక నిమ్మరసం పిండి, తోడులోంచి అరకప్పు నీళ్లు, అంటే సుమారు 120 మిల్లీలీటర్లు, వడకట్టి కలపండి. గుడ్డ కట్టి ఒక రోజు వదిలేయండి. మర్నాటికి అంచుల్లో సన్నని బుడగల వరస కనపడాలి. కనపడకపోతే ఇంకో రోజు. అప్పటికీ లేకపోతే తోడు బలంగా లేదన్నమాట, దాన్ని ఇంకో అరకప్పు కలిపి చూడండి.

7. సీసాలు: ఇక్కడ ఎక్కువసేపు ఆగకూడదు

ఇప్పటిదాకా ఆగమన్నాను కదా, ఇక్కడి నుంచి లెక్క మారుతుంది.

లీటరు నీళ్లలో 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక లీటరు గ్యాస్ పుడుతుంది. బజార్లో దొరికే కూల్‌డ్రింక్‌లో లీటరుకి మూడున్నర నాలుగు లీటర్ల గ్యాస్ ఉంటుంది, అంటే మనకు కావలసిన పొంగుకి 15 గ్రాముల చక్కెర చాలు. మన బీరులో లీటరుకి 100 గ్రాములు ఉంది. అదంతా పులిస్తే 25 లీటర్ల గ్యాస్! గాజు సీసా అంత తట్టుకోదు. మిగతా చక్కెర తీపి కోసం, దాన్ని ఈస్ట్ తినకుండా ఆపేది మీ ఫ్రిజ్ ఒక్కటే. అంతా పులిస్తే ఆల్కహాల్ కూడా మామూలు బీరు స్థాయికి వెళ్తుంది, కాబట్టి ఆపడానికి అదో కారణం.

సీసాల ఎంపిక:
- స్ప్రింగ్ మూత ఉన్న మందపాటి గాజు సీసాలు, గ్యాస్ డ్రింకుల కోసమే చేసినవి: సరే
- సోడా, కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలు: మొదటిసారికి ఇవే మేలు
- మినరల్ వాటర్ పలుచని సీసాలు: వద్దు
- సాస్, తేనె, జామ్ సీసాలు, అందంగా కనపడే నలుచదరపు గాజు సీసాలు: అస్సలు వద్దు

పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నింపండి. గాజు సీసాల్లో పోసినా సరే, ఒక ప్లాస్టిక్ సీసాలో కూడా తప్పకుండా పోయండి. అది మీ మీటరు. నింపిన రోజు నొక్కితే లోపలికి మెత్తగా పోతుంది. రోజూ పొద్దున, సాయంత్రం నొక్కి చూడండి. కొత్త సోడా సీసాలా గట్టిగా, బొటనవేలు దిగనంతగా అయిందంటే అన్ని సీసాలూ ఆ నిమిషమే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. "ఇంకో పూట ఉంటే ఇంకా పొంగుతుందేమో" అనుకోవద్దు.

బెంగళూరులో మామూలు రోజుల్లో ఇది ఒకటి రెండు రోజులు, చలిలో మూడు. చెన్నై మే నెలలో పన్నెండు గంటలకే గట్టిపడొచ్చు కాబట్టి అక్కడ నాలుగేసి గంటలకి నొక్కి చూడండి. గాజు సీసాలని మూత ఉన్న బకెట్లోనో, అట్టపెట్టెలోనో పెట్టండి. స్టవ్ పైన, పిల్లల చేతికి అందే చోట వద్దు.

8. ఫ్రిజ్, మూత తీయడం

ఫ్రిజ్‌లో పెట్టిన గంటకే తీసి మూత తిప్పితే సగం బీరు సింకులోకి పోతుంది. చల్లదనం బాగా పట్టాకే గ్యాస్ నీళ్లలో కరిగి నిలుస్తుంది. ఒక పూర్తి రోజు ఉంచండి. తర్వాత సింకు మీద పెట్టి, మూత కొంచెం కొంచెం వదులు చేస్తూ, నురగ పైకి వస్తే మళ్లీ బిగిస్తూ తీయండి. మొహం పక్కకి పెట్టుకోండి.

ఫ్రిజ్‌లో కూడా పులియడం పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. వారం పది రోజుల్లో తాగేయండి.

9. ఏదో తేడాగా ఉంది అనిపిస్తే

పైన బూజు: పచ్చగా, నల్లగా, లేదా తెల్లగా నూగులా ఉంటే మొత్తం పారబోయండి. పైది తీసేసి కిందది వాడొద్దు, సీసా వేడినీళ్లతో కడిగి మళ్లీ మొదలు.

పైన పలుచని, ముడతలు పడ్డ తెల్లపొర, నూగు లేదు: బూజు కాదు, వేరే రకం ఈస్ట్. తీసేసి, రోజుకి రెండుసార్లు కలుపుతూ ఉండండి.

కుళ్లు వాసన, నెయిల్ పాలిష్ వాసన: కుళ్లు వాసన అయితే పారబోయండి. నెయిల్ పాలిష్ వాసన మామూలుగా ఎక్కువ వేడి, తక్కువ తిండి వల్ల వస్తుంది. తోడు సగం తీసేసి, చల్లటి మూలకి మార్చి రెండు రోజులు చూడండి, తగ్గకపోతే దానికీ అదే గతి.

చిన్న ఈగలు: గుడ్డకి రబ్బర్ బ్యాండ్ గట్టిగా వేయండి, జాలీ గుడ్డ అయితే రెండు మడతలు. మామిడిపండ్లు ఇంట్లో ఉన్న రోజుల్లో ఇవి తప్పవు.

గ్యాస్ పట్టలేదు: మూత సరిగ్గా బిగుసుకుందా చూడండి. సరిగ్గా ఉంటే ఫ్రిజ్‌లోంచి తీసి బయట ఒక రోజు పెట్టండి, పొద్దున సాయంత్రం నొక్కి చూస్తూనే. చక్కెర కలపొద్దు, ఇప్పటికే అవసరానికి మించి ఉంది.

మరీ తీపి: గ్యాస్ బాగున్నా తీపి ఎక్కువ అనిపిస్తే తాగేటప్పుడు నిమ్మరసం, సోడా కలుపుకోండి. వచ్చేసారి చక్కెర 160 గ్రాములకి తగ్గించండి, గుడ్డ కట్టిన దశలో ఒక రోజు పెంచండి.

10. మిగిలిన తోడు

అరకప్పు తీసిన చోట అరకప్పు చల్లారిన నీళ్లు పోసి, చెంచా తురుము, చెంచా చక్కెర వేస్తే రెండు రోజుల్లో మళ్లీ తయారు. వెంటనే వాడకపోతే మూత వదులుగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వారానికి ఒకసారి తిండి పెడితే చాలు. సంక్రాంతికి ఊరెళ్తుంటే బయల్దేరే రోజు తిండి పెట్టి ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేయండి. వచ్చాక బయటకి తీసి, సగం పారబోసి, రెండు మూడు రోజులు మామూలుగా చెంచా చెంచా వేస్తూ పోయి, పైన చెప్పిన నురగ పరీక్ష పాసయ్యాకే మళ్లీ గిన్నె ఎక్కించండి.